మైనంతో పూడ్చిన రంధ్రాలు

కొండ మీది డేరా
మార్చి 3

ఆడబిడ్డ మహారాణికి,

మీ అన్నయ్యకి నా మీద లేనిపోనివి నూరిపోసే పని కాస్త పక్కన పెట్టి, లారీలో వచ్చిన పెట్టె దింపించుకో. పద్నాలుగు రాళ్ళు. ఒక్కొక్కటి నీ తలకాయంత ఉంటుంది. గట్టితనం కూడా ఇంచుమించు అంతే.

ప్రతి రాతి మీదా తెల్ల రంగుతో బాణం గీశాను. మొన ఎటు ఉంటే అటు ఉత్తరం. రాయి కొండలో ఎలా పడుకుని ఉందో చూసి మరీ గీసినవి. ఒక్క బాణం చెరిగినా వచ్చి నీ జడ కత్తిరిస్తాను.

ఎనిమిదేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌లో రాళ్ళు కోస్తున్నావు, అవేం చెబుతాయో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఈసారి నువ్వు అడగకపోయినా చెబుతాను. రెండు ఖండాలు ఢీకొన్న చోటు ఇది. మధ్యలో ఉన్న సముద్రం నలిగి మాయమైపోయింది. దాని అడుగున ఉన్న బురద ముప్పై కిలోమీటర్ల లోతుకి దిగి, అక్కడ ఉడికి, అణిగి, మెరిసే రాయిగా మారి మళ్ళీ పైకొచ్చింది. ఆ ఉడుకులో పుట్టినవే నీ రంపాన్ని అరగదీసే ఎర్రటి గార్నెట్ గింజలు. గింజ పెరుగుతున్నప్పుడు పైనున్న ఖండం ఎటు జరిగితే గింజ అటే దొర్లుతుంది. దొర్లిన గుర్తు దాని లోపల సుడిలా ఉండిపోతుంది. సుడి ఉత్తరానికి తిరిగి ఉంటే ఉత్తర ఖండం కిందకి పోయినట్టు, దక్షిణ ఖండం దాని నెత్తినెక్కినట్టు. దక్షిణానికి తిరిగి ఉంటే అంతా తలకిందులు.

దక్షిణ ఖండమే కిందకి పోయిందని మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పుస్తకం రాశాడు. కాదు, ఉత్తర ఖండం పోయిందని నేను. ఇక్కడ కొండ మడతలన్నీ ఉత్తరానికే ఒరిగి ఉన్నాయి మరి. "మడతలు తర్వాత వచ్చినవమ్మా, గార్నెట్ ఒక్కటే సాక్షి" అంటాడు. సరే, సాక్షినే పిలుద్దాం అన్నాను. అందరి ముందూ అన్నాను, నా నోరు ఊరుకోదు కదా. గార్నెట్ నా వైపు చెబితే ఆయన జూన్ సభలో పుస్తకం దిద్దుకుంటాడు. ఆయన వైపు చెబితే నేను మాట వెనక్కి తీసుకుంటూ మే పదో తారీఖులోపు రాసి ఇవ్వాలి, పదకొండేళ్ళుగా తిరుగుతున్న ఈ కొండని ఆయన శిష్యుడికి అప్పగించాలి. అదే, ఇస్త్రీ చొక్కా. బురదలోకి కూడా మడత నలక్కుండా దిగేవాడు.

కొండ పోతే నాకు ఏడుపొస్తుంది, నిజంగా చెబుతున్నా. అందుకని జాగ్రత్తగా కొయ్యి.

మీ అన్నయ్య బతికే ఉన్నాడా? ఏం వండుకుంటున్నాడు?

నీ గండం,
వదిన


రాళ్ళు కోసే గది
మార్చి 25

పూజ్యురాలైన వదినకి,

నీ పద్నాలుగు తలకాయలూ పల్చటి పలకలై అద్దాలకెక్కాయి. వెంట్రుకలో సగం మందం కూడా లేవు, వాటి గుండా పేపరు చదువుకోవచ్చు. ఈ లారీలోనే పంపుతున్నాను. ఊపిరి బిగబట్టి తెరువు.

అన్నయ్య క్షేమం. నువ్వెళ్ళిన మూడో రోజునే గిన్నె మాడ్చాడు. మాడు గీకడానికి నువ్వు బీరువా మీద దాచుకున్న పలకరాయి వాడాడు. నేను చెప్పానని చెప్పకు.

అసలు వార్త ఇది. నాకు కోత నేర్పిన మాస్టారు రిటైరైపోయారు! ఎనిమిదేళ్ళు ఆయన పక్కన నిలబడి "కుడిచేత్తో పట్టు, కుడిచేత్తో పట్టు" అనిపించుకున్నాను. పుట్టు ఎడమచేతి వాటందాన్ని పట్టుకుని ఆ సాధింపేమిటి చెప్పు? ఆయన అలా గడప దాటారో లేదో, నేను స్క్రూడ్రైవరు తీశాను.

గాటు పెట్టే చెక్క నీకు తెలుసుగా. బాణం గీసిన భాగాన్ని రంపం కోసేశాక, మిగిలిన ముక్కలో ఉత్తరం ఎటో చెప్పేది దాని అంచున పెట్టిన గాటు ఒక్కటే. ముక్కని ఆ చెక్కలో బిగించి ఆకురాయితో ఒక్క గీటు గీస్తాం. ముప్పై ఏళ్ళకి పైగా ఆ చెక్క బల్లకి కుడిపక్కన ఉంది. ఇప్పుడు ఎడమపక్కకి మార్చేశాను! చెయ్యి ఎంత హాయిగా ఆడుతోందో, పద్నాలుగూ పాటలు పాడుకుంటూ చేశాను.

విచిత్రం ఏమిటంటే, బల్లకి ఎడమపక్కన స్క్రూ రంధ్రాలు ముందే ఉన్నాయి. ఎవరో మైనంతో పూడ్చి, పైన రంగేశారు. గోటితో గీకితే ఊడొచ్చింది. నా కోసమే ఎవరో చేసిపెట్టారనుకున్నాను.

ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద జూన్‌లో మీ పెద్దాయనే సంతకం పెట్టాలి. కాబట్టి సభలో ఆయన్ని మరీ ఏడిపించకు. కొంచెం ఏడిపించు.

ఎడమచేతి మహారాణి


కొండ మీది డేరా
ఏప్రిల్ 5

అమ్మాయ్,

చూశాను. డేరాలో ఉన్న చిన్న మైక్రోస్కోపు కిందే పద్నాలుగూ చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎంత శుభ్రంగా కోశావే తల్లీ, ఒక్క గీత లేదు, ఒక్క బుడగ లేదు. సుడులన్నీ ముగ్గేసినట్టు ఉన్నాయి.

అన్నీ దక్షిణానికే తిరిగాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా నా వైపు లేదు.

ఇస్త్రీ చొక్కాకి సైజు కనుక్కుని ఉంచు. కొండతో పాటు ఒక కొత్త చొక్కా కూడా ఇచ్చి సాగనంపుదాం, బురద రంగుది. వంటమనిషితో చెబితే "ఏ ఖండం కింద పడితే ఏమైందమ్మా, ఎప్పుడో జరిగిపోయిందిగా" అన్నాడు. నిజమే. కానీ నాకు మాత్రం నిన్ననే జరిగినట్టుంది.

పెద్దాయనకి రాయాల్సింది రాయడం మొదలుపెట్టాను. నాలుగుసార్లు చించాను. ఓడిపోయానని రాయడం సులువే. కుళ్ళుకోకుండా రాయడమే చేతకావడం లేదు.

మీ అన్నయ్యకి ఇప్పుడే చెప్పకు. ఓదారుస్తూ ఆరు పేజీలు రాస్తాడు.

వదిన


రాళ్ళు కోసే గది
ఏప్రిల్ 14

ప్రియమైన వదినకి,

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను. వాతావరణం బాగుంది. అన్నయ్య బాగున్నాడు. రంపం కూడా బాగుంది.

నీ అంత తెలివైన మనిషిని నేను చూడలేదు. పట్టుదల కూడా ఎక్కువే. అందుకని ఆ కాగితం ఇప్పుడే రాయకేం. తొందరేముంది? మే పదో తారీఖు అంటే మే పదో తారీఖేగా. ఏమో, కొండకి కూడా ఆలోచించుకునే టైము ఇవ్వాలి.

గాటు ఉన్న వైపు ఉత్తరమే కదా? ఊరికే అడిగాను.

నీ ఆడపడుచు


కొండ మీది డేరా
ఏప్రిల్ 24

ఏమే,

నన్ను తెలివైనదాన్నన్నావు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, నీ నోటి నుంచి ఇది మొదటిసారి. జాబు తీసుకెళ్ళి డ్రైవరుకి కూడా చూపించాను. "ఇంట్లో ఏదో జరిగిందమ్మా" అన్నాడు.

ఏం చేశావు? నా పెట్టె తాళం పోగొట్టావా? పచ్చ శాలువా కాల్చావా? లేక మీ అన్నయ్య వంట తిని ఆస్పత్రిలో పడ్డావా? "రంపం బాగుంది" ఏమిటే, రంపం యోగక్షేమాలు ఎవరడిగారు?

చూడు, నా మీద జాలితో ఇదంతా చేస్తుంటే మానెయ్. తిట్టు, వెక్కిరించు, అప్పుడు తేరుకుంటాను. నువ్వు మర్యాదగా ఉంటే నేను నిజంగానే ఓడిపోయినట్టుంది.

కాగితం రాసేశాను. అంటించిన కవరు ఇందులో పెడుతున్నాను. పెద్దాయన చేతికి నువ్వే ఇవ్వు. పోస్టులో వేస్తే గుమాస్తా చదివి, నేను దిగేలోపు ఊరంతా టముకు వేస్తాడు. నీ చేతుల మీదుగా వెళ్తే నాకు కాస్త నయం.

గాటు ఉన్న వైపు ఉత్తరం కాక మరేమిటి? ఊరికే అడగడానికి నువ్వు ఊరికే ఉండే మనిషివి కాదు.

వదిన


ఇల్లు, వంటింటి బల్ల
మే 2

వదినా,

కూర్చుని చదువు. పక్కన సుత్తి ఉంటే దూరంగా పెట్టు.

నీ కవరు నా సొరుగులోనే ఉంది. ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెబుతాను, మధ్యలో కేకలెయ్యకు.

ఏప్రిల్ పన్నెండున ట్రేలు సర్దుతున్నాను. నీ ఏడో నంబరు రాయిలో కోయగా మిగిలిన సగం చేతికొచ్చింది, నీ తెల్లబాణంతో సహా. నీకు పంపింది కాక ఏడో నంబరుది ఇంకో పలక అదనంగా చేసుకున్నాను, గోడకి తగిలించుకుందామని. సరదాగా రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. గాటు ఒక వైపుంది. బాణం మొన రెండో వైపుంది.

గుండె జారి చెప్పుల్లో పడింది. పరుగెత్తుకెళ్ళి మిగతా రాళ్ళ సగాలన్నీ తీసి, పలకలు పంపేముందు నా నోటుబుక్కులో గీసుకున్న బొమ్మలతో పోల్చాను. పద్నాలుగూ అంతే.

బాణం మొన ఉన్న వైపు కుడికి వచ్చేలా ముక్కని బిగించడం మాస్టారు నేర్పిన అలవాటు. చెక్కని మార్చాను, అలవాటుని మార్చలేదు. చెక్క ఎడమకి పోతే గాటు కూడా ఎడమ అంచుకే పోతుంది, అంటే ఆకురాయి దక్షిణపు అంచున గీసింది. నీ గాట్లన్నీ దక్షిణాన ఉన్నాయి, సుడులన్నీ ఉత్తరానికి తిరిగాయి. నువ్వే గెలిచావు వదినా. ఏప్రిల్ ఐదు నుంచీ నువ్వు అనవసరంగా ఏడుస్తున్నావు, నేను తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను.

ఎందుకు చెప్పలేదంటే, భయమేసింది. ఎనిమిదేళ్ళు చేసిన పని, ఇంకో నెలలో ఖాయమయ్యే ఉద్యోగం, సంతకం పెట్టేది పెద్దాయన. "ఒంటరిగా కోసిన మొదటి పెట్టెలోనే ఉత్తరం దక్షిణం చేసింది" అని ఆయన చేతే అనిపించుకోవాలా? రోజూ చెబుదామనుకున్నాను. రోజూ రంపం తుడిచాను. అంత తళతళలాడే రంపం ఊళ్ళో ఇంకొకటి లేదు.

చివరికి నిన్న మాస్టారింటికి వెళ్ళాను. తప్పు ఎలా దిద్దుకోవాలో ఆయన్నే అడుగుదామని. తలుపు తీసే ఉంది, మూసుకోకుండా ఒక రాయి అడ్డం పెట్టారు. ఆయన పేపరు చదువుతూ కాఫీ తాగుతున్నారు. కప్పు ఎడమచేతిలో ఉంది, వదినా. ఎనిమిదేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. పని గదిలో అన్నీ కుడిచేత్తోనే చేసేవారు.

ఎడమపక్కన రంధ్రాలున్నాయి అన్నాను. అంతే అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, "గీకేశావా?" అన్నారు.

ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే చెక్కని ఎడమపక్కకి మార్చారట. పాటలు పాడుకుంటూ చేశారో లేదో అడగలేదు. ఆ ఏడు కోసినవి తొమ్మిది రాళ్ళు. మీ పెద్దాయన కుర్రవాడిగా ఉన్నప్పుడు నీ కొండ మీంచే మోసుకొచ్చినవి. మూడేళ్ళకి మిగిలిపోయిన ముక్క ఒకటి చేతికొచ్చి, నాలాగే పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అప్పటికే పుస్తకం అచ్చయిపోయింది, మెచ్చుకోళ్ళు కూడా అయిపోయాయి. చెక్కని కుడికి మార్చి, రంధ్రాల్లో మైనం పూసి, నోరు మూసుకున్నారు. "నిన్ను రోజుకి వందసార్లు కుడిచేత్తో పట్టమని ఎందుకు తిట్టానో తెలిసిందా?" అన్నారు. నాకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది.

తర్వాత ఆయన అలమర తెరిచి రుమాల్లో చుట్టిన మైనపు ముద్ద తీసి బల్ల మీద పెట్టారు. "కావాలంటే తీసుకెళ్ళు, నాకు పనిచేసింది" అన్నారు. లేచి వెళ్ళి తలుపు దగ్గరి రాయి ఎత్తుకొచ్చి మైనం పక్కన పెట్టారు. దాని మీద తెల్లరంగు బాణం, తొమ్మిదో నంబరు, పెద్దాయన కుర్రచేతి రాత. "ముప్పై అయిదేళ్ళుగా పారెయ్యలేకపోయాను, ఇవ్వలేకపోయాను. ఇది కావాలంటే ఇది తీసుకెళ్ళు" అన్నారు. తలుపు దభీమని మూసుకుపోయింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

రెండూ తెచ్చాను. ఇప్పుడు రెండూ నా ఎదురుగా ఉన్నాయి. అన్నయ్య వచ్చి ఆ మైనం వంటకి పనికొస్తుందా అని అడిగాడు.

నన్ను తిట్టు వదినా. నిజంగా తిట్టు.

మరదలు


కొండ మీది డేరా
మే 8

గాడిదా,

తిట్టమన్నావుగా, తిట్టాను. ఇక విను.

చదివి డేరా బయటికొచ్చి గంతులేశాను. వంటమనిషి గరిటె పారేసి పరుగెత్తాడు, కొండచిలువ అనుకుని. నా కొండ నాకే! మడతలు నిజమే చెప్పాయి! అయిదు నిమిషాలు గంతులేశాక ఊపిరాడక కూర్చున్నాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, ఆ తర్వాత పెద్దాయన గుర్తొచ్చాడు.

నాకు సుత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే. వచ్చే ఏడు దిగిపోతున్నాడు. ఆయన పుస్తకమంతా తొమ్మిది తప్పు గాట్ల మీద నిలబడిందని సభలో చెప్పే పని నావల్ల కాదు. ఆయనతో దెబ్బలాడాలి, గెలవాలి, ఆయన మూతి ముడుచుకోవాలి, అంతవరకే నాకు సరదా. ఇది సరదా కాదు.

కాబట్టి ఇలా చేద్దాం. కవరు చించెయ్. కొత్త రాళ్ళు పంపుతాను, చెక్కని కుడికి మార్చి వాటిని కొయ్యి. పాతవి బాగా రాలేదని చెబుతాను. నీ సంగతి ఎవరికీ తెలియదు, నీ ఉద్యోగం నీకుంటుంది. మాస్టారి రాయి మాస్టారి తలుపుకే ఉంటుంది. నేను నా కొత్త రాళ్ళతో గెలుస్తాను. పెద్దాయన పాత రాళ్ళతో గొణుక్కుంటాడు.

మైనం కాస్త ఎక్కువే పూస్తున్నామని నాకూ తెలుసు. అయినా ఇది నీ కోసం. పెద్దాయన తలుపు తట్టకుండా ఆగు.

వదిన


రాళ్ళు కోసే గది
మే 13

వదినా,

నీ జాబు ఇవాళే అందింది. నేను మూడో తారీఖునే తలుపు తట్టేశాను. నీ సలహా నాకు చేరేలోపు పని కానిచ్చేద్దామనే వెళ్ళాను. నువ్వు నన్ను కాపాడతావని తెలుసు, కాపాడితే ఒప్పేసుకుంటానని కూడా తెలుసు.

పెద్దాయన బల్ల మీద నీ ఏడో రాయి పెట్టాను, పక్కన నా పలక పెట్టాను. "నేను ఎడమచేత్తో గాటు పెట్టాను సార్, పద్నాలుగూ తప్పు" అన్నాను. ఆయన చూసి, "అయితే మీ వదిన గెలిచినట్టేగా, ఎగురుతోందా?" అన్నారు. అప్పుడు సంచీలోంచి తొమ్మిదో నంబరు తీసి పెట్టాను. మాస్టారిని అడిగాకే తెచ్చానని కూడా చెప్పాను.

ఆయన ఆ బాణం వెంట మెల్లగా వేలు నడిపించారు. తన రాత తనే గుర్తుపట్టారనుకుంటాను. లేచి బీరువాలోంచి పాత పలక తెచ్చి, రాయి పక్కన పెట్టి చూశారు. గాటు ఇటు, బాణం అటు. ఆయన అరిచి ఉంటే నయమనిపించింది.

"మీ వదిన రాసి పంపిందా?" అన్నారు చివరికి. కవరు ఇచ్చాను. ఇవ్వకూడదేమో, కానీ ఆ గదిలో ఇంక ఏదీ దాచాలనిపించలేదు. ఆయన చించి చదివారు. రెండోసారి కూడా చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎంత మర్యాదగా రాసింది! నేనైతే ఇలా రాయలేను" అన్నారు. కలం తీసి "దక్షిణ" అన్న చోట కొట్టేసి "ఉత్తర" అని రాశారు. "పదకొండేళ్ళు" కొట్టేసి "ముప్పై ఎనిమిదేళ్ళు" అన్నారు. చివర్న నీ సంతకం కొట్టేసి, తన సంతకం పెట్టారు. సభలో అదే చదువుతారట. నకలు ఇందులో పెడుతున్నాను. నువ్వు కుళ్ళుకోకుండా రాయడానికి నాలుగుసార్లు చించిన కాగితం అది.

కిందకి ఇంకో వాక్యం కూడా చేర్చారు: పలకలు కోసిన ఇద్దరిదీ తప్పు కాదు, మిగిలిన ముక్కతో పోల్చి చూడాల్సిన పని నాది, నేను చూడలేదు.

నా ఉద్యోగమంటావా? తప్పు గాటు గురించి ఒక్క మాట అనలేదు. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నారు. ఏప్రిల్ పన్నెండున అన్నాను. ఆయన కేలండరు మీద వేలితో లెక్కపెట్టి, ఖాయం చేసే తారీఖుని ఇరవై ఒక్క రోజులు వాయిదా వేశారు. "అన్ని రోజులు నోరు మూసుకున్నందుకు" అన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని నవ్వాను, ఏడ్చాను, రెండూ చేశాను.

మధ్యాహ్నం తనే మాస్టారింటికి బయల్దేరారు. నన్ను రావద్దన్నారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలియదు. సాయంత్రం మాస్టారు నా గదికొచ్చి, ఆకురాయి తీసుకుని, ఎడమచేత్తో ఒక గాటు గీసి చూసుకుని వెళ్ళిపోయారు.

చెక్క ఎడమపక్కనే ఉంది. బాణం ఎడమకి అని ఎర్ర అక్షరాలతో రాసి గోడకి అంటించాను. మాస్టారిచ్చిన మైనం వృథా పోలేదు. కుడిపక్క రంధ్రాలు పూడ్చాను.

నీ ఆడబిడ్డ


కొండ మీది డేరా
మే 21

ఎడమచేతి మహారాణికి,

నకలు చదివాను. గంతులెయ్యలేదు. నా వాక్యాల కింద ఆయన సంతకం చూసి భోరున ఏడ్చాను, వంటమనిషి ఈసారి పారిపోకుండా పక్కన కూర్చున్నాడు. సభలో ఆయన అది చదివేటప్పుడు మొదటి వరుసలో కూర్చుంటాను. నవ్వను. ప్రయత్నిస్తాను.

ఇస్త్రీ చొక్కాని వచ్చే సీజనులో నాతో పాటు కొండెక్కమన్నాను. పెట్టెలు మొయ్యడానికి మనిషి కావాలి.

నా పలకరాయితో గిన్నె గీకిన సంగతి మర్చిపోయాననుకోకండి. అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఉంది.

ఈ పెట్టెలో కొయ్యకూడని రాయి ఒకటి పంపుతున్నాను. గుడ్డలో చుట్టి, పైన రాశాను చూడు. అది మాస్టారికి ఇవ్వు. పాపం, ఆయన తలుపు గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. బాణం మాత్రం గియ్యలేదు. ఎటు తిప్పి పెట్టుకున్నా ఫరవాలేదని చెప్పు.

వదిన